పోపు సరే... అన్నం ఏదీ?

నాలుగేళ్ల కిందటి సంగతి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, మిల్వాకీ నగరం. నా ఎంఎస్ అయిపోయింది, ఉద్యోగం మాత్రం రాలేదు. ఓపీటీ మీద ఉన్నవాళ్లకు ఒక లెక్క ఉంటుంది. మొత్తం కలిపి 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. నాకు అప్పటికే 58 రోజులు అయిపోయాయి. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న 'ఎంతవరకు వచ్చింది' అని అడగడం మానేశాడు. అడగకపోవడమే ఎక్కువ భయంగా ఉండేది.

ఆ శనివారం మా సీనియర్ ఒకాయన గ్యారేజీకి రమ్మన్నాడు. గుంటూరు వైపు నుంచి వెళ్లి పదిహేనేళ్లుగా అక్కడే స్థిరపడ్డ మనిషి. అందరం 'అన్నా' అనే పిలిచేవాళ్లం. ఆయనకు ఇంట్లో బీరు కాచే సరదా ఉంది. అక్కడ అది మామూలు హాబీ. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో దానికి అనుమతి వచ్చింది. అమ్మకూడదు, అంతే. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కాచుకోవచ్చు.

ముందే ఒక మాట. తాగమని చెప్పడానికి ఇది రాయడం లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం. 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు కూడా. నేను ఇక్కడికి తిరిగొచ్చాక ఒక్కసారి కూడా కాయలేదు. చెప్పాలనుకున్నది ఆ గ్యారేజీలో గింజలు ఎంచుకోవడంలో నేను చేసిన తప్పు గురించి. అదే తప్పు నా రెజ్యూమేలో కూడా ఉందని ఆ సాయంత్రం తెలిసింది.

'ఇందులో బియ్యం ఏవిరా?'

"ఈసారి రెసిపీ నువ్వు రాయి" అన్నాడు అన్న. నేను ఇంజినీర్‌ని కదా, రెండు రాత్రులు కూర్చుని ఘనంగా రాశాను. ముదురు మ్యూనిక్ మాల్ట్ కిలోన్నర, క్రిస్టల్ మాల్ట్ కిలో, చాక్లెట్ మాల్ట్ అరకిలో, ఓట్స్ కిలోన్నర. మొత్తం నాలుగున్నర కిలోలు. 19 లీటర్ల బీరుకు సరిపడా గింజ. పేర్లన్నీ గొప్పగా ఉన్నాయి. రంగు, వాసన, నురగ, చిక్కదనం... ఒక్కోదానికి ఒక్కోటి.

అన్న ఆ కాగితం చూసి నవ్వాడు. "ఏరా తమ్ముడూ, ఇందులో బియ్యం ఏవిరా? అంతా పోపు సామానే ఉంది!"

నాకు అర్థం కాలేదు. "పర్లేదన్నా, చూద్దాం" అన్నాను. ఆయన కూడా వద్దనలేదు. నేర్పే పద్ధతి అదే అనుకుంటా.

నలిపిన గింజను 66 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు నానబెట్టాం. దీన్నే మ్యాష్ అంటారు. ఈ గంటలో గింజలోని పిండిపదార్థం చక్కెరగా మారాలి. ఆ చక్కెరనే తర్వాత ఈస్ట్ తిని ఆల్కహాల్ చేస్తుంది. గంటయ్యాక అన్న ఒక చెంచాడు నీళ్లు తెల్ల సాసర్‌లో పోసి, అయోడిన్ చుక్క వేశాడు. స్కూల్లో బంగాళాదుంప ముక్క మీద మనందరం చేసిన ప్రయోగమే. చుక్క పడగానే నీలి నలుపు. అంటే పిండి పిండిగానే ఉంది. ఇంకో అరగంట ఆగాం. మళ్లీ నలుపే.

బేస్ మాల్ట్ చేసే పని

దీని వెనక ఉన్న సంగతి మన ఇళ్లలో తెలియనిది కాదు. పసిపిల్లలకు రాగి మాల్ట్ చేసేటప్పుడు అమ్మ ఏం చేస్తుంది? రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలు రానిచ్చి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తుంది. మొలకెత్తేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. తన పిండిని తానే చక్కెరగా విరగ్గొట్టి మొక్కకు తిండి పెట్టుకోవడానికి గింజ చేసుకునే ఏర్పాటు అది. అందుకే మొలకల రాగిపిండితో జావ కాస్తే పల్చగా, కొంచెం తియ్యగా ఉంటుంది. మామూలు రాగిపిండితో కాస్తే గట్టిపడుతుంది. మొలకల్ని మరీ నల్లగా వేయించేస్తే కమ్మటి వాసన వస్తుంది కానీ ఎంజైము చచ్చిపోతుంది.

బార్లీతో చేసేదీ ఇదే. నానబెట్టి, నాలుగైదు రోజులు మొలకెత్తించి, వేడిగాలితో ఆరబెడతారు. సుమారు 80 డిగ్రీల దగ్గర ఆపేస్తే లేత రంగు, నిండుగా ఎంజైము. అదే పిల్స్‌నర్, పేల్ లాంటి బేస్ మాల్ట్. 100 దాటించి ఆరబెడితే మ్యూనిక్. రుచి పెరుగుతుంది, ఎంజైము తగ్గుతుంది. క్రిస్టల్, చాక్లెట్ మాల్ట్‌లను ఇంకా ఎక్కువ వేడిలో చేస్తారు. వాటిలో రంగూ రుచీ తప్ప ఎంజైము ఏమీ మిగలదు.

ఈ ఎంజైము బలాన్ని లింట్‌నర్ అనే కొలతలో చెప్తారు. అమెరికన్ టూ-రో పేల్ మాల్ట్‌కు సుమారు 140. ముదురు మ్యూనిక్‌కు సుమారు 40. క్రిస్టల్, చాక్లెట్, ఓట్స్‌కు సున్నా. మొత్తం గింజ మీద సగటు 35 దగ్గరైనా ఉంటేనే మ్యాష్ సరిగ్గా మారుతుందని ఇళ్లలో కాచేవాళ్లు పెట్టుకున్న మోటు లెక్క.

నా రెసిపీకి లెక్క వేయండి. కిలోన్నర మ్యూనిక్ ఇంటూ 40, అంటే 60. మిగతా మూడు కిలోలకు సున్నా. 60ని నాలుగున్నరతో భాగిస్తే 13 చిల్లర. ఐదో తరగతి లెక్క. రెండు రాత్రులు కూర్చున్నవాణ్ని ఇది మాత్రం వేయలేదు.

అన్న లోపలికెళ్లి కిలోన్నర టూ-రో తెచ్చి, నలిపి, అందులో కలిపాడు. 60కి 210 కలిస్తే 270. గింజ ఇప్పుడు ఆరు కిలోలు. సగటు 45. ఇంకో గంట ఆగి అయోడిన్ చుక్క వేస్తే నలుపు రాలేదు. చుక్క గోధుమ రంగులోనే ఉండిపోయింది.

ఆ మార్పు చూస్తూ కాసేపు అలాగే నిలబడిపోయాను. కలిపిన ఆ కిలోన్నర తన పిండిని మార్చుకోవడమే కాదు, పక్కనున్న మూడు కిలోల బరువును కూడా మోసింది. బేస్ మాల్ట్‌కూ మామూలు అన్నానికీ తేడా ఇక్కడే. అన్నం కడుపు నింపుతుంది. ఇది పక్కవాళ్లను కూడా పనికొచ్చేలా చేస్తుంది.

అయితే ఏది ఎంచుకోవాలి?

బేస్ కావాలని తెలిశాక నేను అడిగిన మొదటి ప్రశ్న మీరు కూడా అడిగేదే. "అన్నా, వీటిలో ఏది బెస్ట్?"

"ఏం కాస్తున్నావో చెప్పకుండా ఏది బెస్ట్ అంటే ఎలారా?" అన్నాడు.

చెక్ దేశంలోని పిల్జెన్ ఊళ్లో 1842లో జోసెఫ్ గ్రోల్ కాచిన బంగారు రంగు లాగర్ లాంటిది కావాలంటే పిల్స్‌నర్ మాల్ట్. అన్నిటికన్నా లేత రంగు, సున్నితమైన రుచి. కానీ దానితో ఒక చిక్కుంది. తక్కువ వేడిలో ఆరబెట్టడం వల్ల అందులో ఒక గంధక పదార్థం మిగిలి ఉంటుంది. మరిగించడంలో తొందరపడితే ఉడికించిన మొక్కజొన్న వాసన వస్తుంది. అందుకే చాలామంది గంటకు బదులు గంటన్నర మరిగిస్తారు.

ఇంగ్లిష్ పేల్ ఏల్ కావాలంటే మారిస్ ఓటర్. 1960లలో కేంబ్రిడ్జ్‌లోని మొక్కల పెంపక సంస్థ తయారు చేసిన బార్లీ రకం. కాల్చిన రొట్టె అంచులా ఒక కమ్మదనం ఉంటుంది. ధర కూడా ఎక్కువే. హాప్స్ రుచి ముందుకు రావాలంటే టూ-రో. అది తన గొంతు తగ్గించుకుని హాప్స్‌ని మాట్లాడనిస్తుంది. మాల్ట్ రుచే ప్రధానం అనుకుంటే వియన్నా, లేత మ్యూనిక్. వీటిలో ఎంజైము తక్కువైనా తమ పని తాము చేసుకోగలవు. కాకపోతే సున్నా ఎంజైము గింజల్ని ఎక్కువగా మోయమంటే మోయలేవు. గోధుమ మాల్ట్‌లో ఎంజైము బాగానే ఉంటుంది కానీ పొట్టు ఉండదు. అది ఎక్కువైతే వడకట్టేటప్పుడు ముద్దగా పట్టేస్తుంది. ఊక కలపాల్సి వస్తుంది.

ఇంకో ముచ్చట. అమెరికాకు వలస వెళ్లిన జర్మన్ కాపరులకు అక్కడ దొరికింది సిక్స్-రో బార్లీ. అందులో ప్రొటీన్ ఎక్కువ, ఎంజైము కూడా ఎక్కువ. దాన్ని పల్చబరచడానికి మొక్కజొన్న, బియ్యం కలిపారు. బడ్‌వైజర్‌లో ఇప్పటికీ బియ్యం వాడతారు. అంటే వాళ్లు దొరకని గింజ కోసం ఏడుస్తూ కూర్చోలేదు. చేతిలో ఉన్నదాని బలం చూసి దాని చుట్టూ రెసిపీ కట్టుకున్నారు.

అన్న చివరికి చెప్పిన సలహా ఇది: "ఒక్క బస్తా టూ-రో కొను. 25 కిలోలు. ఆరుసార్లు కాచు. ప్రతిసారీ ఒక్కటే మార్చు. ఒకసారి హాప్స్, ఒకసారి ఈస్ట్, ఒకసారి మ్యాష్ వేడి. ఆరోసారికి ఆ గింజ ఏంటో నీకు తెలుస్తుంది. అప్పుడు వేరే బస్తా గురించి మాట్లాడదాం."

నా రెజ్యూమే రంగు

ఆ రాత్రి రూముకొచ్చి రెజ్యూమే తెరిచాను. పదకొండు సర్టిఫికెట్లు. క్లౌడ్ రెండు, బ్లాక్‌చెయిన్ ఒకటి, మెషిన్ లెర్నింగ్ మూడు, ఇంకా ఏవేవో. ఒక్కోటి వారం రోజుల కోర్సు. అంతకు పది రోజుల ముందే ఒక కంపెనీ ఇంటర్వ్యూలో ఒకావిడ అడిగింది, డేటాబేస్‌లో ఇండెక్స్ వేస్తే వెతకడం ఎందుకు తొందరగా అవుతుందని. "ఇండెక్స్ ఉంటుంది కాబట్టి" అన్నాను. "లోపల ఏం జరుగుతుంది?" అని అడిగింది. నా దగ్గర మాట లేదు. ఆవిడ మర్యాదగా వేరే ప్రశ్నకు వెళ్లిపోయింది కానీ ఆ ఇంటర్వ్యూ అక్కడే అయిపోయింది.

చాక్లెట్ మాల్ట్, క్రిస్టల్ మాల్ట్, ఓట్స్. పదకొండు రకాలు. ఎంజైము సున్నా.

మిగిలిన రోజుల్లో కొత్త కోర్సు ఒక్కటీ తీసుకోలేదు. ఒక భాష, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్. ఇవి మూడే. పుస్తకం పక్కన పెట్టుకుని చిన్న డేటాబేస్ ఒకటి సొంతంగా రాసుకున్నాను. నాలుగుసార్లు చెడిపోయింది, ఐదోసారి నడిచింది. 81వ రోజున ఉద్యోగం వచ్చింది. దీనివల్లే వచ్చిందని ఒట్టు పెట్టి చెప్పను. అదృష్టం కూడా ఉంది. నాకన్నా బాగా చదివినవాళ్లకు 90 రోజులు దాటిపోయి వెనక్కి రావడం నేను చూశాను. కానీ ఆ ఇంటర్వ్యూలో 'లోపల ఏం జరుగుతుంది' అన్నప్పుడు బోర్డు మీద గీసి చూపించగలిగాను. అంతవరకు నా చేతిలో ఉన్న పని.

'సర్టిఫికెట్ లేకపోతే షార్ట్‌లిస్టే అవ్వదు కదా?'

ఈ మాట చెప్పినప్పుడల్లా జూనియర్లు అడిగేది ఇదే. న్యాయమైన ప్రశ్న. చాలాచోట్ల ముందు సాఫ్ట్‌వేర్ రెజ్యూమేను జల్లెడ పడుతుంది. అందులో పదాలు లేకపోతే మనిషి కంటికే చేరదు. కాల్చిన బార్లీ లేకుండా స్టౌట్ రాదు. నేను పోపు వద్దనడం లేదు. చాలా రెసిపీల్లో బేస్ 80 నుంచి 90 శాతం, ప్రత్యేక మాల్ట్‌లు మిగతా పదీ ఇరవై. నేను అనేది ఆ పాళ్ల గురించే. వంద శాతం బేస్‌తో మంచి బీరు వస్తుంది. నిఖార్సయిన పిల్స్‌నర్ అలాంటిదే. వంద శాతం పోపుతో మాత్రం రాదు.

ఇంకో మాట కోర్ బ్రాంచ్‌ల వాళ్లకు. మెకానికల్, కెమికల్, సివిల్, ఈఈఈ చదివి, మూడో ఏడాదిలో భయపడి, అన్నీ పక్కన పడేసి నాలుగు నెలల ఫుల్‌స్టాక్ కోర్సులో చేరేవాళ్లను ఏటా చూస్తున్నాను. ఇష్టంతో మారితే మంచిదే. పక్కింటి అబ్బాయి బస్తా చూసి మాత్రం మీ బస్తా పారేయకండి. మీరు మూడేళ్లు చదివిన థర్మోడైనమిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ కూడా బేస్ మాల్టే. మ్యూనిక్‌లాగా కొంచెం తక్కువ పేరున్నది కావచ్చు. కానీ తన పని తాను చేసుకోగలదు.

ఈ గింజల చుట్టూ ఉన్న ఉద్యోగాలే చూడండి. సంగారెడ్డి జిల్లాలో పెద్ద బ్రూవరీలున్నాయి, హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలున్నాయి. మద్యం జోలి వద్దనుకుంటే రాజమహేంద్రవరం దగ్గర హార్లిక్స్ ఫ్యాక్టరీ ఉంది. అదీ బార్లీ మాల్ట్ సరుకే. ఇలాంటిచోట్ల బాయిలర్లు, చిల్లర్లు, నీటి శుద్ధి, ఇన్‌స్ట్రుమెంటేషన్, నాణ్యత ల్యాబ్... అన్నీ కోర్ ఇంజినీరింగ్ పనులే. ఫుడ్ టెక్నాలజీ వైపు వెళ్లాలంటే బాపట్లలో కాలేజీ ఉంది, మైసూరులో సీఎఫ్‌టీఆర్‌ఐ ఉంది. గేట్‌లో ఇంజినీరింగ్ సైన్సెస్ పేపర్‌లో ఫుడ్ టెక్నాలజీ ఒక సెక్షన్‌గా ఉంది, బయోటెక్నాలజీకి విడిగా పేపరే ఉంది.

డేటా సైన్స్ అని తిరిగేవాళ్లకు ఒక కొసరు. మీరు కోర్సులో బట్టీపట్టే స్టూడెంట్స్ టీ-టెస్ట్ ఉంది చూశారూ, దాన్ని 1908లో ప్రచురించిన విలియం గాసెట్ డబ్లిన్‌లోని గిన్నిస్ బ్రూవరీ ఉద్యోగి. 'స్టూడెంట్' అన్నది ఆయన కలం పేరు. బార్లీ, మాల్ట్ నమూనాలు కొన్నే ఉన్నప్పుడు ఎంతవరకు నమ్మొచ్చు అన్న ప్రశ్నతో కుస్తీ పడి అక్కడికి చేరాడు. మరుసటి ఏడాది పీహెచ్ కొలతను ప్రతిపాదించిన సోరెన్‌సెన్ పనిచేసింది కార్ల్స్‌బర్గ్ ల్యాబ్‌లో. ఇద్దరూ ట్రెండ్ వెనక పరిగెత్తలేదు. ముందున్న గింజను లోతుగా చూశారు.

మీ అయోడిన్ చుక్క

మాల్ట్ బస్తాతో పాటు ఒక విశ్లేషణ పత్రం వస్తుంది. తేమ ఎంత, ప్రొటీన్ ఎంత, రంగు ఎంత, ఎంజైము బలం ఎంత అని. బస్తా మీద బొమ్మ చూసి కొనేవాళ్లు కొందరు, ఆ పత్రం చదివి కొనేవాళ్లు కొందరు. కోర్సు కొనేటప్పుడు మీరు ఏ రకమో ఒకసారి చూసుకోండి. సిలబస్ చదివారా, బ్యానర్ మీద ప్యాకేజీ అంకె చదివారా?

మీకు మీరే పరీక్ష పెట్టుకోవచ్చు. ఖర్చు లేదు. మీ రెజ్యూమేలో ఉన్న ఒక్కో పదం తీసుకోండి. ఫోన్ పక్కన పెట్టండి. జూనియర్ ఒకరిని కూర్చోబెట్టి, 'లోపల ఏం జరుగుతుంది' అన్నది పది నిమిషాలు చెప్పండి. చెప్పగలిగినవి బేస్. చెప్పలేనివి రంగు. బేస్ కింద ఒక్కటైనా లేకపోతే కంగారు పడొద్దు. నా మ్యాష్ కూడా గంటన్నర దాకా నలుపే. ఒక్కటి ఎంచుకుని, ఆరుసార్లు కాచండి. క్యాంపస్ సీజన్‌కు మూడు నెలలుంటే ఆ మూడు నెలలూ దానికే ఇవ్వండి.

ఆ రోజు మేం కాచిన బీరు ఎలా వచ్చిందని అడుగుతారేమో. బాగా లేదు. చాక్లెట్ మాల్ట్ మరీ ఎక్కువై మాడిన కాఫీలా ఉంది. అన్న ఒక గుటక తాగి సీసా పక్కన పెట్టాడు. "పర్లేదురా, పాడవలేదుగా" అన్నాడు. తర్వాతి శనివారం వెళ్లేసరికి గ్యారేజీలో నా పేరు రాసిపెట్టిన టూ-రో బస్తా ఒకటి ఉంది.